పాత కారుకు పుష్ స్టార్ట్: పని ఒప్పుకునే ముందు, బండి అప్పగించే ముందు

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలంలో కార్ల కరెంటు పని చేసేవాళ్ళు ఈ మాట వినే ఉంటారు: "అన్నా, కొత్త బండ్లకు వస్తున్న బటన్ మన బండికి పెట్టవా?" అడిగేది పాత స్విఫ్ట్ ఓనరు కావచ్చు, ఏపీ 20 నంబరుతో ఇంకా తిరుగుతున్న బొలెరో డ్రైవరు కావచ్చు. కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని డబ్బా చేత్తో పట్టుకుని వస్తాడు. రెండు గంటల పనే కదా అంటాడు. మీరు వద్దంటే పక్క షాపుకు పోతాడు. స్టీరియో, సెంట్రల్ లాక్ వంటివి కొత్త కార్లకు ఫ్యాక్టరీలోనే వస్తున్నాయి గనుక మనకు మిగిలేది పాత బండ్ల పనే. కాబట్టి ఈ పని మానేయమని చెప్పను. ఎలా చేస్తే బండి తిరిగి మీ షాపు ముందుకు రాకుండా ఉంటుందో చెబుతాను.

విషయం ఇది. తాళం చేసే పనులన్నీ బటన్ చేయదు. బటన్ చేయని వాటిని మీరు వేరేగా ఏర్పాటు చేయాలి. బటన్ పనిచేయని రోజున పాత తాళంతోనే బండి కదిలే దారి ఉంచాలి. ఈ రెండూ కుదరని బండి పని ఒప్పుకోకండి.

తాళం చేసే పనులు

ఇగ్నిషన్ తాళం నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, బ్యాటరీ కరెంటును ఏసీసీ, ఐజీ1, ఐజీ2, సెల్ఫ్ అనే లైన్లకు వరసగా పంచుతుంది. రెండు, స్టీరింగ్ లాక్ తీస్తుంది, వేస్తుంది. మూడు, ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో తన తలలోని చిప్‌తో "ఇది ఈ బండి తాళమే" అని ఈసీయూకు రుజువు చూపిస్తుంది. నాలుగు, ఏ క్షణంలోనైనా తిప్పి ఇంజన్ ఆపే హక్కు డ్రైవరు చేతిలో ఉంచుతుంది. కిట్ డబ్బా మీద మొదటి పని గురించే రాసి ఉంటుంది. మిగతా మూడూ మీ బాధ్యత.

నడుస్తున్న బండిలో ఇగ్నిషన్ లైన్ పడిపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ ఉంది. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల చిన్న కార్లను వెనక్కి పిలిచింది. ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, నడుస్తుండగానే రన్ నుంచి ఏసీసీకి జారిపోయేది. ఇంజన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకు పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒక పెద్ద కంపెనీ స్విచ్‌తోనే అంత జరిగింది. పేరు లేని కిట్‌లోని రిలే మీద అదే ఐజీ1 లైన్ వేలాడదీస్తున్నప్పుడు మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో చూసుకోండి.

ఏ బండి ఒప్పుకోవాలి

ముందు బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ చూడండి. తాళంతోనే రెండు మూడు సార్లు కొడితే గాని స్టార్ట్ కాని బండికి బటన్ పెట్టకండి. తాళంలో రాగి కాంటాక్ట్‌ను చెయ్యి పట్టి ఉంచుతుంది. కిట్‌లో ఆ పని రిలే చేస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే మాడ్యూల్ రీసెట్ అయి రిలే వదిలేస్తుంది. టక్కుమని శబ్దం వస్తుంది, బండి స్టార్ట్ కాదు. ఓనరు మాత్రం నీ కిట్ చెడ్డదంటాడు. అసలు తప్పు ముసలి బ్యాటరీదని తర్వాత చెప్పినా వినడు. అందుకే ముందే చెప్పండి, ముందే మార్పించండి.

వరద నీళ్ళలో నిలిచిన బండి వస్తే ఇంకో మెట్టు ఆగండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. నది పక్క ఊళ్ళలో పాత బండి కొన్నవాళ్ళు అది నీళ్ళలో ఉన్న సంగతి మీకు చెప్పకపోవచ్చు, వాళ్ళకే తెలియకపోవచ్చు. కార్పెట్ ఎత్తి చూడండి. డాష్ కింద కప్లర్లు విప్పి పచ్చగా చిలుము పట్టిందేమో చూడండి. పట్టి ఉంటే ముందు వైరింగ్ పని, ఆ తర్వాతే బటన్.

గ్లో ప్లగ్ ఉన్న డీజిల్ బండి అయితే డ్రైవరుకు వాడే పద్ధతి వేరుగా నేర్పాలి. ముందు ఒక నొక్కుతో ఆన్ చేసి, డాష్ మీద చుట్ట లైటు ఆరేదాకా ఆగి, తర్వాతే సెల్ఫ్. తాళంతో అలవాటున్న డ్రైవరు కూడా బటన్ చూడగానే ఒక్క దెబ్బలో స్టార్ట్ చేయాలనుకుంటాడు. చలికాలం పొద్దున సెల్ఫ్ మీద భారమంతా అక్కడే పడుతుంది.

ఇమ్మొబిలైజర్, రెండో తాళం

బండికి ఇమ్మొబిలైజర్ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. డాష్ మీద తాళం గుర్తున్న లైటు, సిలిండర్ చుట్టూ కాయిల్ రింగు చూడండి. అనుమానముంటే తాళం తలకు అల్యూమినియం ఫాయిల్ గట్టిగా చుట్టి సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ పట్టకపోయినా, పట్టి వెంటనే ఆగిపోయినా చిప్ ఉన్నట్టే. మారుతి వాళ్ళు ఐక్యాట్స్ అని పిలిచేది ఇదే.

ఇలాంటి బండికి కిట్‌తో పాటు బైపాస్ డబ్బా ఇస్తారు. అందులో ఒక చిప్ తాళం పెట్టి, దాని కాయిల్ తీగను రింగు చుట్టూ చుట్టమంటారు. ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది దొంగతనం. డబ్బాలోని తాళం ఎప్పుడూ రింగుకు కనబడుతూ ఉంటే ఇమ్మొబిలైజర్ ఉన్నా లేనట్టే. సిలిండర్ పగలగొట్టినవాడు నేరుగా తోలుకుపోతాడు. కిట్ తన రిమోట్‌ను గుర్తుపట్టినప్పుడే కాయిల్‌ను రిలే ద్వారా కలిపే బైపాస్ మాత్రమే వాడండి. బిగించాక రిమోట్‌ను దూరంగా పెట్టి, చిప్ లేని మామూలు తాళంతో ప్రయత్నించండి. ఇంజన్ పట్టిందంటే మీ బైపాస్ తప్పు.

రెండోది ఇన్సూరెన్స్. బండి పోతే క్లెయిమ్ దగ్గర కంపెనీలు సాధారణంగా రెండు అసలు తాళాలూ అడుగుతాయి. ఒకటి డాష్ కింద టేపు చుట్టి ఉండి బండితో పాటే పోయిందనుకోండి, ఓనరు ఏమి చూపిస్తాడు? సర్వేయరుకు ఏమి చెబుతాడు? అందుకని ఓనరు తెచ్చిన రెండో తాళాన్ని డబ్బాలో పెట్టకండి. మూడో చిప్ తాళం ప్రోగ్రామ్ చేయించుకుని తెమ్మనండి. ఆ ఖర్చు విని వెనక్కి పోయే కస్టమరు పోనివ్వండి.

రిమోట్ రకాన్ని కూడా చూడండి. ప్రతిసారీ ఒకే కోడ్ పంపే చవక రిమోట్లున్నాయి. ఆ కోడ్‌ను ఒకసారి గాలిలో పట్టుకుంటే చాలు, కాపీ చేయవచ్చు. రోలింగ్ కోడ్ ఉన్నదే తీసుకోండి. దగ్గరికి వస్తే తనంతట తాను తెరుచుకునే రకానికి ఇంకో బలహీనత ఉంది. 2011లో జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ళ మీద సిగ్నల్‌ను దూరానికి మోసే రిలే దాడి చేసి చూస్తే పదీ లొంగిపోయాయి. అవి ఫ్యాక్టరీ బండ్లు. కాబట్టి "బటన్ పెడితే సేఫ్టీ పెరుగుతుంది" అని కస్టమరుకు ఎప్పుడూ చెప్పకండి. పెరిగేది సౌకర్యం. సేఫ్టీ కోసం కనబడే గేర్ లాక్ వేయించండి.

స్టీరింగ్ లాక్‌ను సగం వదలొద్దు

కిట్ బిగించాక స్టీరింగ్ లాక్ తీయాలంటే ఇంకా తాళం తిప్పాల్సిందే. చాలామంది చేసే పని, తాళాన్ని సిలిండర్‌లోనే ఏసీసీ దగ్గర వదిలేయడం. దీనివల్ల ఏసీసీ లైన్‌లో రాత్రంతా కరెంటు ఉండి బ్యాటరీ తింటుంది. అంతకంటే ముఖ్యం, నడుస్తుండగా పిల్లవాడెవరో ఆ తాళం తిప్పి లాగేస్తే మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోతుంది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కే బండిలో ఆ ఒక్క క్షణం చాలు.

ఒప్పుకోదగ్గ దారులు రెండే. స్టీరింగ్ లాక్ అలాగే ఉంచి, తాళం పెట్టి లాక్ తీశాకే బటన్ వాడేలా, దిగేటప్పుడు తాళం తీసేలా చేయడం ఒకటి. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే కాలమ్ దగ్గర లాక్ పిన్నును పూర్తిగా తీసేసి, సిలిండర్, ఇగ్నిషన్ స్విచ్ పనిచేసేలా ఉంచడం రెండోది. పిన్ను వంచడం, అరగదీయడం, స్ప్రింగు కింద ఏదో ఇరికించడం లాంటి సగం పనులు చేయకండి. గతుకుల రోడ్డులో ఇరికించిన ముక్క జారితే ఆ తప్పు సరిదిద్దడానికి మీకు రెండో అవకాశం రాదు.

వైరింగ్: రంగు నమ్మొద్దు, మీటర్ నమ్మండి

బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే కాలమ్ కవర్ విప్పండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. బల్బు టెస్ట్ ల్యాంప్ పక్కన పెట్టి డిజిటల్ మల్టీమీటర్ తీయండి. ల్యాంప్ లాగే కరెంటుకు ఈసీయూ లైన్లు దెబ్బతినవచ్చు.

కొలతల కోసం బ్యాటరీ మళ్ళీ కలిపి, కాగితం మీద గళ్ళు గీసుకోండి. తాళం ఆఫ్, ఏసీసీ, ఆన్, స్టార్ట్‌లో ఉన్నప్పుడు ప్రతి లావు తీగలో 12 వోల్టులు ఉన్నాయో లేవో రాయండి. ఐజీ1 ఆన్‌లోనూ ఉంటుంది, సెల్ఫ్ తిరిగేటప్పుడూ ఉంటుంది. ఏసీసీ సెల్ఫ్ సమయంలో పడిపోతుంది, చాలా బండ్లలో ఐజీ2 కూడా అంతే. ఐజీ1, ఐజీ2 తారుమారైతే ఒక విచిత్రమైన కంప్లైంట్ వస్తుంది: సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ పట్టదు, చెయ్యి తీసిన క్షణంలో ఒక్కోసారి పడుతుంది. పంపు, ఇంజెక్టర్లు వెతుక్కుంటూ రోజంతా పోతుంది. ఆ కాగితం ఉంటే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కొలతలయ్యాక నెగటివ్ మళ్ళీ తీయండి. అసలు తీగలను తెగ్గొట్టకండి. ఇన్సులేషన్ కొంచెం తీసి, కిట్ తీగను చుట్టి, టంకం వేసి, హీట్ ష్రింక్ తొడగండి. కొరికి పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు లావు తీగలకు పనికిరావు, వేడెక్కి కరిగిపోతాయి. ఇలా పక్క కలుపు వేస్తే పాత ఇగ్నిషన్ స్విచ్ కప్లర్‌తో సహా బతికే ఉంటుంది. బటన్ చెడినా తాళం పనిచేస్తుంది. పవర్ తీగకు ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి, మాడ్యూల్ దగ్గర కాదు. మాడ్యూల్‌ను కింద కార్పెట్ దగ్గర కాకుండా డాష్ లోపల ఎత్తులో, ఏసీ హీటర్ డక్టుకు దూరంగా బిగించండి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊళ్ళు మనవి. అద్దాలు మూసిన బండిలో ఆ వేడి ఇంకా పెరుగుతుంది.

ఇంజన్ నడుస్తోందని మాడ్యూల్‌కు తెలియజేసే సెన్స్ తీగను చాలామంది వదిలేస్తారు. అది కలపకపోతే మాడ్యూల్ గుడ్డిగా కొంత సమయం సెల్ఫ్ తిప్పి వదిలేస్తుంది. ఇంజన్ నడుస్తుండగానే ఎవరో మళ్ళీ నొక్కితే సెల్ఫ్ పళ్ళు, ఫ్లైవీల్ పళ్ళు గీరుకుంటాయి. కిట్ అడిగినదాన్ని బట్టి ఆల్టర్నేటర్ చార్జింగ్ లైటు తీగ నుంచో, ఆయిల్ ప్రెషర్ స్విచ్ నుంచో ఆ సెన్స్ తప్పకుండా ఇవ్వండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం

మన దగ్గర పాత బండ్లలో ఎక్కువ భాగం మాన్యువల్ గేరువే. చాలా కిట్లు మాత్రం బ్రేక్ తొక్కారా లేదా అన్నదే చూస్తాయి. వాలులో నిలిపిన బండిని ఫస్ట్ గేరులో వదలడం మన డ్రైవర్లకు అలవాటు, అది మంచి అలవాటే. ఆ బండిలో బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే ముందుకు ఎగురుతుంది.

దీనికంటే ఘోరం రిమోట్ స్టార్ట్. జేబులోని రిమోట్ నొక్కితే దూరం నుంచి ఇంజన్ స్టార్టయ్యే సౌకర్యం. ఇలా ఆలోచించండి. శ్రీరామనవమి రోజుల్లో భద్రాచలంలో బండి నిలిపాడు. గేరులో ఉంది, హ్యాండ్ బ్రేక్ బలహీనం. జనం బండి ముందు నుంచే నడుస్తున్నారు. ఓనరు ఏసీ చల్లబడాలని దూరం నుంచి రిమోట్ నొక్కాడు. బండిలో ఎవరూ లేరు, ఆపేవాళ్ళు లేరు. ఇది జరగకుండా ఆపగలిగింది బిగించిన మనిషి ఒక్కడే.

కాబట్టి మాన్యువల్ బండికి రెండు నియమాలు పెట్టుకోండి, ఎవరడిగినా సడలించొద్దు. క్లచ్ పెడల్‌కు స్విచ్ బిగించి సెల్ఫ్ లైన్‌ను దాని మీదుగా పంపాలి. క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరగాలి. రిమోట్ స్టార్ట్‌ను సెట్టింగులో ఆపి, వీలైతే దాని తీగనే తీసేయాలి. కస్టమరు "ఆ ఫీచర్ కోసమే కొన్నాను" అంటే కిట్ అతని చేతికే తిరిగివ్వండి. ఆటోమేటిక్ బండి అయితే పార్క్, న్యూట్రల్ స్విచ్‌ను దాటవేయకండి.

బ్యాటరీ లెక్క

చిన్న కారు బ్యాటరీ 35 ఏహెచ్ అనుకుందాం. బండి తనంతట తాను 20 మిల్లీ ఆంపియర్లు, కిట్ 30 తింటే మొత్తం 50. రోజుకు 1.2 ఏహెచ్. సగం బ్యాటరీ ఖాళీ కావడానికి రెండు వారాలు. చవక కిట్ వల్ల మొత్తం 150 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 3.6 ఏహెచ్, అయిదు రోజుల్లో సగం పోతుంది. బ్యాటరీ పాతబడి 20 ఏహెచ్ మాత్రమే నిలుపుకుంటుంటే మూడు రోజులు కూడా ఆగదు. షిఫ్టుల మధ్య బండి కదలని సింగరేణి ఉద్యోగి, పండక్కే బండి తీసే మాస్టారు ఈ లెక్కలో చిక్కుకుంటారు.

బిగించక ముందు ఒకసారి, బిగించాక ఒకసారి కొలవండి. నెగటివ్ తీసి మీటర్‌ను వరసలో పెట్టి, తలుపులు మూసి, అరగంట ఆగి చూడండి. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి, ఫ్యూజు పోతుంది. ఆ రెండు అంకెలూ బిల్లు మీద రాయండి. రేపు "బ్యాటరీ దిగిపోతోంది" అని వస్తే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

మన దారుల్లో ఏమవుతుంది

కొత్తగూడెం నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి, చర్ల వైపు దారి, పర్ణశాల దారి మన కస్టమర్లు రోజూ తిరిగేవి. అడవి మధ్య ఫోను సిగ్నల్ అందని చోట్లుంటాయి. అక్కడ బటన్ పనిచేయకపోతే మీ ఫోను నంబరు ఎందుకూ పనికిరాదు.

యాత్రకు వచ్చినవాళ్ళు గోదావరిలో స్నానానికి దిగుతారు. రిమోట్ జేబులోనే ఉండిపోతుంది, తడుస్తుంది, లేదా నీళ్ళలో పోతుంది. డిక్కీలో సంచితో పాటు పెట్టి మూస్తే ఇంకో చిక్కు. తలుపులు వాటంతట అవి లాక్ అయ్యే కిట్ అయితే రిమోట్ లోపల, మనిషి బయట. ఆ ఆటో లాక్‌ను ఆపేయండి. ఓనరుకు మూడు మాటలు చెప్పండి: రిమోట్ ఒకటి ఒంటి మీద, రెండోది ఇంట్లో. దిగినప్పుడల్లా అసలు తాళం బండి బయట, పర్సులో. రిమోట్ సెల్లు సాధారణంగా సీఆర్2032, కొత్తది ఒకటి దగ్గర ఉంచుకోవాలి. సెల్లు అయిపోయినప్పుడు రిమోట్‌ను బటన్‌కు ఆనించి స్టార్ట్ చేసే సౌకర్యం కిట్‌లో ఉంటే, సెల్లు తీసి మీ ముందే అతనితో చేయించండి.

ఇంకొకటి. మూడు రాష్ట్రాల సరిహద్దు ఇది, చెక్‌పోస్టుల దగ్గర బండి ఆపి చూస్తారు. స్టీరింగ్ కింద తీగలు వేలాడుతూ, తాళం లేకుండా నడుస్తున్న పాత బండి ఎవరికైనా దొంగ బండిలా కనబడుతుంది. కవర్ శుభ్రంగా మూయండి. మీ బిల్లు జిరాక్సు ఆర్‌సీతో పాటు ఉంచుకోమనండి.

చట్టం, బిల్లు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో మారిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు, విడిభాగాల రెట్రోఫిటింగ్‌తో సహా, ఓనరుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. కాబట్టి "ఏమీ కాదులే" అని మీ నోటితో హామీ ఇవ్వకండి. పసుపు ప్లేటు బండికి ఫిట్‌నెస్ తప్పనిసరి కనుక ఓనరును ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి రమ్మనండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాసి తెలపమనండి.

బిల్లు లేకుండా ఈ పని చేయకండి. కిట్ ఎవరు తెచ్చారు, ఏ తీగలు కలిపారు, స్టీరింగ్ పిన్ను తీశారా, రిమోట్ స్టార్ట్ ఆపారా, అసలు తాళాలు ఎన్ని తిరిగి ఇచ్చారు అన్నవి రాసి సంతకం తీసుకోండి. లోపమున్న సర్వీసుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు కస్టమరుకు ఉంది. నిజాయితీగా పని చేసినవాడిని కాపాడేది కూడా ఆ కాగితమే.

అప్పగించే ముందు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడండి. క్లచ్ తొక్కకుండా నొక్కితే సెల్ఫ్ తిరగకూడదు. ఖాళీ మైదానంలో నెమ్మదిగా పోతూ బటన్ ఒక్కసారి తాకితే ఇంజన్ ఆగకూడదు, కిట్ పుస్తకంలో చెప్పినట్టు ఎక్కువసేపు నొక్కితే ఆగాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా బండి ఇవ్వకండి. నడుస్తుండగా రిమోట్‌ను కిటికీలోంచి బయటి మనిషికి ఇచ్చి చూడండి, ఇంజన్ ఆగిపోకూడదు. చివరగా కిట్ ఫ్యూజు పీకేసి, పాత తాళంతో బండిని స్టార్ట్ చేసి చూపించండి. ఆ పని ఓనరు చేత కూడా చేయించండి.

ధర చెప్పేటప్పుడు కిట్ రేటు చూసి చెప్పకండి. కొలతలు, క్లచ్ స్విచ్, టంకం, ట్రయల్ కలిపితే రోజు పని. రోజు కూలి అడగండి. పక్క షాపు సగం ధరకు రెండు గంటల్లో చేస్తానంటే పోటీకి దిగకండి. ఆ రెండు గంటల్లో వదిలేసేవి క్లచ్ స్విచ్, సెన్స్ తీగ, ట్రయల్. మీరు డబ్బు తీసుకునేది సరిగ్గా వాటికే. ఆ మాట కస్టమరుకు నేరుగా చెప్పండి. అర్థం చేసుకున్నవాడి బండి ఒప్పుకోండి, మిగతావాళ్ళకు మంచి సెంట్రల్ లాక్ ఒకటి బిగించి పంపండి.